ఎదుటి కుర్చీ

మా బావగారి గురించి పత్రికల్లో వ్యాసం వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ‘నిస్వార్థ యోగి’ అని ఒకరు, ‘మచ్చలేని మహామనీషి’ అని ఇంకొకరు. రాసినవాళ్ళలో ఒక్కరూ ఆయన పక్కన కూర్చుని భోంచేసినవాళ్ళు కారు. చేసి ఉంటే ఆయన యోగి కాదని, వంటలో ఉప్పు కాస్త తగ్గితే మొహం ముడుచుకునే మామూలు మగవాడని తెలిసేది. ఇంకో సంగతి కూడా తెలిసేది. ఆయన సిద్ధాంతమంటూ వీళ్ళు పేజీలకు పేజీలు నింపేదంతా మా అక్క భోజనాల బల్ల దగ్గర, ఒక కుర్చీలో ఉంది. ఆ కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చున్నదాన్ని నేను. కాబట్టి నేనే చెబుతాను.

బావగారంటే మా అక్క భర్త. నేను చెప్పబోయే రోజుల్లో ఆరోగ్య శాఖ మంత్రి. నేను పెద్ద ప్రభుత్వాసుపత్రిలో కాన్పుల వార్డు హెడ్ నర్సుని. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోమని హితబోధ చేయడానికి వచ్చినవాళ్ళందరికీ కాఫీ ఇచ్చి సాగనంపాను. అక్కావాళ్ళ మేడ మీద వాటాలో అద్దె కట్టి ఉండేదాన్ని. భోజనం మాత్రం కింద, అక్క చేతిది. అద్దె ఎందుకే అని అక్క ఏడాదికోసారి దెబ్బలాడేది. బావగారు మాత్రం రసీదు రాసి మరీ తీసుకునేవారు.

ఆయన మొదటిసారి చట్టసభకు ఎన్నికైనప్పటి నుంచీ ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కంచాలు తీసేసి, బల్ల తుడిచి, సభ పెట్టేవాళ్ళం. వంటింటి వైపు కుర్చీ ప్రభుత్వానిది. అందులో బావగారు. ఆయనకు సరిగ్గా ఎదురుగా, కిటికీకి వీపు పెట్టి ఉండే కుర్చీ ప్రతిపక్షానిది. అది నాది. బల్ల చివర స్పీకరు హోదాలో అక్క, చేతిలో గరిటె. ఆమె గరిటెతో స్టీలు గ్లాసు మీద టంగుమని కొట్టిందంటే ఎంతటివాడైనా నోరు మూయాల్సిందే. గుమ్మం పక్కన స్టూలు మీద బావగారి సర్కారీ కారు డ్రైవరు. అధికార పక్షమంతా అతనొక్కడే. బావగారు నోరు తెరిస్తే చాలు, విషయం అర్థమైనా కాకపోయినా స్టూలు చరిచేవాడు.

ఆ వారం సభలో ఏ బిల్లు రాబోతోందో, ఏ నిర్ణయం తీసుకోవాలో బావగారు చెప్పేవారు. దాన్ని నేను చీల్చి చెండాడాలి. నియమం ఒకటే. అవతలివాళ్ళు నిజంగా ఏం అంటారో, వాళ్ళకు ఏది నిజంగా నొప్పి పుట్టిస్తుందో అదే అనాలి. బావగారు కదా అని మెత్తగా అనకూడదు. ఒకసారి జ్వరంగా ఉండి నేను ఏదో నామమాత్రంగా మాట్లాడితే ఆయనకు ఎంత కోపం వచ్చిందో! “చేతకాని ప్రతిపక్షం మీద గెలిస్తే అది గెలుపు కాదు, నిద్ర. లే, వెళ్ళి పడుకో,” అన్నారు. మామూలు రోజుల్లో కూడా నన్ను పేరు పెట్టి పిలిచేవారు కాదు. “ఏం ప్రతిపక్షం, డ్యూటీ దిగావా?” అనేవారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా బావగారు ఇంట్లో చాలాసార్లు ఓడిపోయేవారు. ఓడిన బిల్లును సంచిలో పెట్టుకుని వెళ్ళి, మార్చి పట్టుకొచ్చేవారు. అందుకే రచ్చలో ఆయన్ని ఎవరూ ఓడించలేకపోయారు.

పొద్దున్నే అక్కా ఆయనా ప్రార్థనకు కూర్చునేవాళ్ళు. అక్క కోరికల జాబితా చాంతాడంత. ఆయన మాత్రం కళ్ళు మూసి, తెరిచి, లేచిపోయేవారు. ఎన్నికల రోజుల్లో ఒకసారి అక్క ఉండబట్టలేకపోయింది.

“మీకు దేవుడి మీద నమ్మకం లేదండీ. ఉంటే గెలిపించమని నోరారా అడిగేవాళ్ళు.”

“నమ్మకం ఉంది కాబట్టే అడగను. అవతల నిలబడ్డవాడి భార్య కూడా ఇప్పుడు అదే అడుగుతూ ఉంటుంది. పాపం, దేవుణ్ణి ఎందుకు ఇరకాటంలో పెట్టడం?”

“మరి కళ్ళు మూసుకుని ఏం చేస్తారు?”

బావగారు కాస్త సిగ్గుపడ్డారు. “అందరి దేవుడూ వెనకుండి నడిపిస్తాడంటారు. నాకెందుకో ఆయన ఎదురుగా కూర్చున్నట్టుంటుంది. నేను చేయబోయేది చెబుతాను. ‘నిజమేనా?’ అని అడుగుతాడు. అంతే. ఒక్కోసారి ఆ ఒక్క మాటకే జవాబు దొరక్క చస్తాను.”

“అయితే మీ దేవుడు అచ్చం మా చెల్లెల్లా ఉంటాడన్నమాట!”

“ఆయన కాస్త మర్యాదగా మాట్లాడతాడు,” అన్నారు బావగారు.

నర్సింగ్ డైరెక్టర్ పదవి సంగతి వచ్చింది ఇలాంటి ఇంట్లో.

ఆ పదవి ఏమిటో చెప్పాలి. నర్సులందరి మీదా అంతవరకు ఎప్పుడూ డాక్టరే అధికారి. మా డ్యూటీలు, మా బదిలీలు, మా సెలవులు, అన్నీ ఏనాడూ బెడ్‌పాన్ ఎత్తని చేతులు రాసేవి. డాక్టరు వార్డులోకి వస్తే నర్సు లేచి నిలబడాలి. ముప్పై ఏళ్ళకు పైగా నేను నిలబడే ఉన్నాను. నర్సుల మీద నర్సే అధికారిగా ఉండాలని బావగారు చట్టం తెచ్చారు. ఆ బిల్లు మా బల్ల మీద ఎన్నో ఆదివారాలు నలిగింది. డాక్టర్ల తరఫున వాదించి ఓడిపోయింది నేనే. అంత సంతోషంగా నేనెప్పుడూ ఓడిపోలేదు. ఓటింగు రోజున సభలో అన్ని పార్టీలవాళ్ళూ చేతులెత్తారు.

ఎంపికకు బయటి నుంచి పెద్దలను పిలిచి సంఘం వేశారు. పరీక్ష పెట్టారు, సర్వీసు చూశారు, ఎదుట కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. వాళ్ళు పంపిన వరసలో మొదటి పేరు నాది. రెండోది పిల్లల వార్డు సిస్టర్‌ది. మా ఆసుపత్రిలోనే, నాలాగే హెడ్ నర్సు. మంచి మనిషి, పనిలో దిట్ట, నోట్లో నాలుక లేనిది. నియామకం మీద సంతకం మాత్రం మంత్రి పెట్టాలి.

నాకు ఆ కుర్చీ కావాలి. బాధ్యత కోసం తప్పదని, పదిమంది బలవంతం చేశారని నాటకాలాడటం నాకు చేతకాదు. కావాలంటే కావాలి. ఆ కుర్చీలో కూర్చుని ఏమేం మార్చాలో డ్యూటీ చేస్తూ, బస్సులో వస్తూ, బట్టలు ఉతుకుతూ వేల సార్లు అనుకున్నాను. కాన్పు కావాల్సిన ఆడవాళ్ళు వరండాలో నేల మీద పడుకుని ఉంటే ముందు ఎవరిని లోపలికి తీసుకోవాలో నర్సుకు తెలుసు. చెప్పే అధికారం లేదు. అది నన్ను తినేసేది.

ఫైలు బావగారి బల్ల మీదికి వచ్చి అక్కడే ఉండిపోయింది. ఆయన పి.ఏ. నెమ్మదస్తుడు, పిరికివాడు. “రెండో పేరు మీద సంతకం పెట్టేస్తే ఏ గొడవా ఉండదు సార్. ఆవిడ కూడా అర్హురాలే,” అని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడట. పార్టీలో ఒకరు ‘ఇంకో ఏడాది నాన్చండి’ అన్నారట. ఆసుపత్రిలో నేను కనిపిస్తే మాటలు ఆగిపోయేవి. ఇంట్లో బావగారు నాతో ఆ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇద్దరం ఎండ గురించి, కుళాయి నీళ్ళ గురించి మహా శ్రద్ధగా మాట్లాడుకునేవాళ్ళం. అక్క మాత్రం, కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు మధ్యలో నలిగిపోయింది.

ఒక ఆదివారం బల్ల తుడిచాక బావగారు గొంతు సవరించుకున్నారు.

“ఇవాళ్టి విషయం నర్సింగ్ డైరెక్టర్ నియామకం. మొదటి పేరుకే సంతకం పెట్టాలని ప్రభుత్వం అనుకుంటోంది.”

అక్క చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

“నీ గురించి నువ్వే మాట్లాడటం న్యాయం కాదు,” అన్నారు నాతో. “ఇవాళ నువ్వు స్టూలు మీద కూర్చో. ఆ కుర్చీలో డ్రైవర్ కూర్చుంటాడు.”

డ్రైవర్ని ఉరికంబం ఎక్కమన్నట్టయింది. వచ్చి, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

“అధ్యక్షా... సార్ చేసేది తప్పు. అంటే, తప్పని కాదు. సిస్టరమ్మ బంగారం లాంటి మనిషి, అందులో డౌటే లేదు. కాకపోతే జనం నోరు ఊరుకోదు కదా సార్... ఏదో ఒకటి అంటారేమోనని...” తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “అంతే సార్.”

“అంతేనా?” అన్నారు బావగారు.

“ఇంకేముంటుంది సార్?”

బావగారి మొహం వాడిపోయింది. నాకు ఆ మొహం తెలుసు. ఎదురుగా గట్టి మనిషి లేకపోతే ఆయనకు దిక్కు తోచదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు పదవి గుర్తు లేదు. ఇంత చచ్చు వాదనా అని ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు నేను కూర్చున్న కుర్చీ పరువు ఏం కావాలి?

“లే అవతలికి!” అన్నాను డ్రైవర్ని. అతను బతికానురా దేవుడా అని ఒక్క గెంతులో స్టూలు మీద పడ్డాడు.

“వద్దే,” అంది అక్క.

“స్పీకరు పక్షపాతం చూపించకూడదు,” అన్నాను. కూర్చోలేదు కూడా. నిలబడే మొదలుపెట్టాను.

“అధ్యక్షా! చట్టం అన్నారు, సంస్కరణ అన్నారు. పాపం, మేమంతా నమ్మి చేతులెత్తాం. తీరా చూస్తే అది మరదలికి కుట్టించిన చొక్కా! కొలతలు కూడా మంత్రిగారి ఇంట్లోనే తీసుకున్నారు. పోయినసారి ఇంకో మంత్రి తన కొడుక్కి ఉద్యోగం ఇస్తే ఇదే మంత్రిగారు ఇదే సభలో నిప్పులు చెరిగారు. అప్పుడు కొడుకు తప్పయ్యాడు, ఇప్పుడు మరదలు ఒప్పయిందా? మచ్చలేని పేరంటే, మచ్చ పడే అవకాశం ఇంతవరకు రాలేదనా అర్థం?”

బావగారి కళ్ళలోకి వెలుగు వచ్చింది. ముందుకు వంగి కూర్చున్నారు. డ్రైవరు ఒళ్ళు మరిచి నా మాటకే స్టూలు చరిచాడు. ఇక నన్ను ఆపేదెవరు?

“ఇవన్నీ పోనివ్వండి అధ్యక్షా. ఆమె గొప్ప నర్సే అనుకుందాం. రేపు ఆ కుర్చీలో కూర్చుని ఏదో ఒక తప్పు చేస్తుంది. మనిషే కదా, చేస్తుంది. అప్పుడు ఎక్కడో మూల ఆసుపత్రిలో పనిచేసే ఒక చిన్న నర్సు ఎవరికి చెప్పుకోవాలి? పైన చూస్తే ఆమె. ఆమె పైన చూస్తే బావ. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే బల్ల మీద అన్నం తింటారు. ఆ ఇంటి గేటు దగ్గర తుపాకీ పట్టుకుని పోలీసు. ఆ పిల్ల ఆ గేటు దాటి వస్తుందా? నోరు తెరుస్తుందా? మంత్రిగారూ, మీరు నర్సులకు ఒక కుర్చీ ఇస్తూ, దానితో పాటు వాళ్ళందరి నోళ్ళూ కుట్టేస్తున్నారు!”

బల్ల మీద చెయ్యి చరిచి ఆగాను. వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది. అప్పుడు తెలిసింది నాకు ఏం చేశానో. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాళ్ళ గురించి విన్నాను గానీ, గొడ్డలి ఇంకొకడి చేతిలోంచి లాక్కుని మరీ నరుక్కున్నదాన్ని నన్నే చూశాను.

నియమం ప్రకారం ప్రభుత్వం అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. బావగారు చాలాసేపు బల్ల మీద వేలితో గీతలు గీశారు.

“ప్రభుత్వం గడువు కోరుతోంది,” అన్నారు చివరికి. అన్నేళ్ళలో ఆయన గడువు అడగడం అదే మొదలు.

నేను మేడ మీదికి వెళ్ళి తలుపేసుకున్నాను. అక్క వెనకే వచ్చింది. “నీ నోరే నీకు శత్రువు. ఎవరడిగారే నిన్ను?” అని తిట్టి, పక్కన కూర్చుని నా తల నిమిరింది. ఆ మర్నాడు పొద్దున బావగారు ప్రార్థన నుంచి ఎంతకీ లేవలేదట. కాఫీ చల్లారిపోయిందని అక్క చెప్పింది.

ఆ వారంలోనే పి.ఏ. మా వార్డుకు వచ్చాడు. నేను కాన్పు గదిలో ఉన్నాను. బిడ్డ తల బయటికి వచ్చింది, బొడ్డుతాడు మెడకు చుట్టుకుని ఉంది. తలుపు సందులోంచి “మేడమ్, ఆర్డరు...” అన్నాడు. “బయట నిలబడు!” అని అరిచాను. తాడు తప్పించి, బిడ్డ ఏడిచేదాకా చూసి, చేతులు కడుక్కుని వెళ్ళేసరికి అతను గోడకు అతుక్కుని వణుకుతున్నాడు. కాగితం తీసుకున్నాను. నా పేరు. కింద బావగారి సంతకం.

ఏడ్చాను. ఎందుకు దాచాలి? వార్డు నర్సులు నన్ను చుట్టేసుకున్నారు. ఆయాలు చప్పట్లు కొట్టారు. ఆ గోలలో కూడా మనసులో ఒక ముల్లు కదులుతూనే ఉంది. నా చివరి మాటకు ఆయనేం జవాబు చెప్పుకున్నారు? ఆయన దాటవేసే మనిషి కాదే.

“రేపు సభలో పెద్ద గొడవవుతుంది మేడమ్,” అన్నాడు పి.ఏ. “మిమ్మల్ని వచ్చి చూడమన్నారు సార్.”

మర్నాడు అక్కా నేనూ సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాం. ప్రతిపక్ష నాయకుడు పేరున్న లాయరు, గొంతు గంటలా మోగుతుంది. మొదలుపెట్టాడు. చట్టం మరదలి కోసమే తెచ్చారన్నాడు. మంత్రి కొడుకు సంగతి తవ్వాడు. మచ్చలేని పేరు మంటగలిసిందన్నాడు. అతని వెనక బెంచీలు దద్దరిల్లాయి. నేను మాత్రం గ్యాలరీ కమ్మీ పట్టుకుని ముందుకు వంగి, అసలు మాట అంటాడేమోనని చూస్తున్నాను. అనడే! గేటు సంగతి ఎత్తడు, చిన్న నర్సు సంగతి ఎత్తడు. అందించాలని నాలుక దురద పెట్టింది. అతను కూర్చున్నాడు. అక్క ఊపిరి వదిలి, “హమ్మయ్య, అంతేనా? నువ్వే నయం, ఇంకా బాగా తిట్టావు,” అంది.

బావగారు లేచారు.

“చట్టం మరదలి కోసమన్నారు. మీరంతా చేతులెత్తిన చట్టమే. అయినా అనుమానం రావడం సహజం, భరిస్తాను. నా పేరుకు మచ్చ పడిందన్నారు. నిజమే, పడింది. అది లేకుండా చూసుకోవడం నాకు తేలికే. రెండో పేరు మీద సంతకం పెడితే చాలు. రేపు పత్రికలన్నీ నన్ను మెచ్చుకునేవి. కానీ నా చొక్కా తెల్లగా ఉండటానికి ఇంకొకరి ముప్పై ఏళ్ళ కష్టాన్ని సబ్బులా అరగదీసే హక్కు నాకు లేదు. మొదటి పేరు ఆమెది. అందుకని సంతకం పెట్టాను.”

అధికార పక్షం బల్లలు చరిచింది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

“అయితే గౌరవ సభ్యులు ఒక మాట అనడం మరిచిపోయారు. అన్నిటికంటే బలమైన మాట. వాళ్ళ తరఫున నేనే అంటాను.”

సభ గొల్లున నవ్వింది. మంత్రి తన మీద తానే అభియోగం మోపుకోవడమేమిటని వింతగా చూశారు. ఆయన నా మాటలనే పొల్లు పోకుండా చెప్పారు. ఒకే బల్ల మీద అన్నం, గేటు దగ్గర తుపాకీ, నోరు తెరవలేని చిన్న నర్సు. చెబుతున్నకొద్దీ నవ్వులు సద్దుమణిగాయి. ప్రతిపక్ష నాయకుడు కళ్ళజోడు తీసేశాడు.

“దీనికి జవాబు వెతికాను. మిగతా అభియోగాలన్నీ నాకు తగిలేవి. తగిలితే తగలనీ. ఇది నాకు కాదు, ఆ నర్సుకు తగిలేది. ఇద్దరం ఆమె నెత్తి మీద కూర్చోకూడదు. ఒకరే ఉండాలి. డైరెక్టరు తన పదవిని కష్టపడి సంపాదించుకుంది. నాది మీరు ఇచ్చింది. ఇచ్చినదాన్ని తిరిగి ఇవ్వడం తేలిక.”

జేబులోంచి కాగితం తీసి, నడిచి వెళ్ళి ముఖ్యమంత్రి చేతిలో పెట్టారు. మంత్రి పదవికి రాజీనామా. తిరిగి తన పాత బెంచీకి, వెనక వరసకు వెళ్ళి, జేబురుమాలుతో ధూళి దులిపి కూర్చున్నారు.

“అన్యాయం!” అని అరిచాను. గ్యాలరీలో అరవకూడదట. కాపలా మనిషి వచ్చి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. అక్కే నా కొంగు పట్టి లాగింది.

ఇంటికి వచ్చాక ఆయన మీద విరుచుకుపడ్డాను.

“ఫైలు ముఖ్యమంత్రిగారికి పంపేస్తే పోయేది కదా బావా?”

“ఆయన నా మొహం చూసే సంతకం పెట్టేవాడు. పేరు ఆయనది, చెయ్యి నాది. దాన్ని దొంగచాటు అంటారు.”

“ముందే రాజీనామా చేసేయాల్సింది!”

“నా తర్వాత వచ్చేవాడు ఎందుకొచ్చిన గొడవని నీ పేరు పక్కన పెట్టేవాడు. ఆ రోజు ఆ కుర్చీలో ఉన్నది నేను. ఆ రోజు పని నాది. చేశాను, లేచాను.”

“నా మాట వల్లే కదా మీ పదవి పోయింది! నాకెందుకు ఆ పాడు నోరు? మీరు ఇంకా ఎన్ని పనులు చేయాల్సి ఉంది...”

బావగారు తన మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు. “నీ మాట వల్ల పోలేదు. అది నిజం కావడం వల్ల పోయింది. ఆ పొద్దున ఎదురుగా కూర్చున్నాయన కూడా అదే అడిగాడు, ‘నిజమేనా?’ అని. నిజమే అన్నాను. అయిపోయింది.”

“పోనీలే,” అంది అక్క వంటింట్లోంచి, ముక్కు చీదుతూ. “ఇకనుంచైనా వేళకు తిండి తింటారు.”

ఆ మనిషి గొప్పవాడని నాకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ రోజు మాత్రం ఆయన మా అక్క భర్త అయినందుకు గర్వంతో పాటు భయం వేసింది. ఎదుటివాడి మాట నిజమైతే ఇంత మూల్యం చెల్లించే మనిషి పక్కన బతకడం కత్తి మీద సామే.

నేను కొత్త ఆఫీసులో చేరాను. ఇంటి ముందు నుంచి పోలీసు వెళ్ళిపోయాడు, అతను కూర్చునే ఇనప స్టూలు కూడా పోయింది. కారు కొత్త మంత్రికి వెళ్ళింది. దానితో పాటే డ్రైవరూ వెళ్ళాడు. అయినా ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి సైకిలు మీద వచ్చి, గుమ్మం పక్కన స్టూలు తుడుచుకున్నాడు. “సెషన్ ఉంది కదా సార్,” అన్నాడు.

బల్ల తుడిచాం. నా కుర్చీ వైపు వెళ్ళబోతే అప్పటికే అందులో బావగారు కూర్చుని ఉన్నారు.

“ఇది ఇక నాది. అటు కూర్చో, ప్రభుత్వమా,” అన్నారు.

“వేళాకోళం చాలు బావా. లేవండి.”

అక్క గరిటెతో గ్లాసు మీద కొట్టింది. “సభ్యులు తమ తమ స్థానాల్లో కూర్చోవాలి.” వెళ్ళి వంటింటి వైపు కూర్చున్నాను. అన్నేళ్ళలో ఆ కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు. అక్కడ కూర్చుంటే కిటికీలోంచి గేటు కనిపిస్తుందని అప్పుడే తెలిసింది.

“అధ్యక్షా!” బావగారు లేచి నిలబడ్డారు. “కొత్త డైరెక్టర్‌గారు వస్తూనే ఒక ఆర్డరు వేశారు. వయసు మళ్ళిన హెడ్ నర్సులెవరికీ ఇక రాత్రి డ్యూటీలు ఉండవు. చాలా దయగల ఆర్డరు. వేసేముందు వాళ్ళలో ఒక్కరినైనా అడిగారా?”

“అడిగేదేముంది?” అన్నాను, కాస్త వేడిగానే. “రాత్రి డ్యూటీలు చేసి చేసి నా మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ బాధ నాకు తెలియదా?”

“తమ మోకాళ్ళు తమకు తెలుసు. పిల్లల వార్డు సిస్టర్ ఇల్లు తెలుసా? భర్త మంచం పట్టాడు. పగలంతా చూసుకునేది ఆమే. రాత్రి కొడుకు ఇంట్లో ఉంటాడు కాబట్టి ఆమె డ్యూటీకి రాగలుగుతోంది. ఇప్పుడు పగలు రమ్మంటున్నారు. ఆమె ఉద్యోగం మానాలా, మొగుణ్ణి వదిలేయాలా?”

ఆమెతో ఒకే ఆసుపత్రిలో ఇన్నేళ్ళు పనిచేశాను. తెలియదు.

“మీకెవరు చెప్పారు?” అన్నాను.

“ఆమే. నిన్న నీ కోసం వచ్చింది. నువ్వు లేవు.”

“ఇక్కడికా? ఆమె? నోరు విప్పి ఒక మాట అనదే!”

“అనదా?” అంది అక్క, స్పీకరునన్న సంగతి మరిచిపోయి. “గేటు దగ్గర ఎవరూ లేరుగా, తోసుకుని లోపలికి వచ్చేసింది. ‘మీ చెల్లెలు మా గురించి ఏమనుకుంటోంది? నర్సు అధికారి అయితే మమ్మల్ని అడిగి చేస్తుందనుకున్నాం’ అని వేలు చూపించి మరీ కడిగేసింది. మంచినీళ్ళు ఇస్తే తాగి, మళ్ళీ కడిగింది.”

కిటికీలోంచి చూశాను. గేటు సగం తెరిచే ఉంది. పోలీసు స్టూలు ఉండే చోట నేల మీద తుప్పు మరకలు మిగిలాయి. ఆ సందులోంచి ఆమె ఒక్కతే, చేతి సంచి పట్టుకుని, కోపంగా నడిచి వచ్చింది. నా మీద ఫిర్యాదు చెప్పడానికి నా ఇంటికే వచ్చింది. మొన్నామధ్య ఆ కుర్చీ దగ్గర నిలబడి, రాదని నేను బల్ల చరిచి చెప్పిన మనిషి వచ్చింది.

లేచి నిలబడ్డాను.

“అధ్యక్షా, ప్రభుత్వం తప్పు ఒప్పుకుంటోంది. రేపు పొద్దున్నే ఆర్డరు ఆపేస్తాను. ఇకమీద అడగకుండా ఏదీ చెయ్యను.”

డ్రైవరు స్టూలు గట్టిగా చరిచాడు. ఎవరి పక్షాన చరిచాడో అతనికే తెలియదు.

ఎదుటి కుర్చీలోని మనిషి మాత్రం నవ్వలేదు. మెచ్చుకోలేదు. ముందుకు వంగి, నా కళ్ళలోకి చూశారు.

“నిజమేనా?” అన్నారు.